పచ్చికాయ కట్టు

దర్జీ కాలు మోకాలి కిందికి తీసేసిన నాలుగోరోజు పొద్దున, డాక్టరమ్మ కట్లాయనని తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించింది. ముప్ఫై ఏళ్లుగా ఆ ఆసుపత్రిలో కట్లు కడుతూ ఉండటం వల్ల అతనికి ఆ పేరు పడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. డాక్టర్లు తనకి కుర్చీ చూపించారంటే వినబోయేది మంచి కబురు కాదని అతనికి తెలుసు. అంచు మీద కూర్చున్నాడు.

"శనివారానికల్లా కాగితం మీద రాసివ్వాలి," అంది డాక్టరమ్మ. "ఆ కాలికి మొదటిరోజు నుంచి మనం ఏం చేశాం, ఇంటికి పంపాక ఏం జరిగింది, అంతా. బాగుపడుతున్న పుండు పన్నెండు రోజుల్లో ఎందుకలా చెడిందో నాకు తెలియాలి."

"రాస్తానమ్మా."

"తెలియకపోతే బొప్పాయి కట్టు ఆపేస్తాను. నాకేం సరదా కాదు. కానీ ఎందుకు వికటించిందో తెలియని దాన్ని ఇంకొకరి ఒంటిమీద పెట్టలేను."

"ఆరో మంచం అవ్వకి బాగా పనిచేస్తోందమ్మా. వీపు మీద పుండు సగానికి సగం పూడింది."

"ఆవిడకీ ఆపేయాల్సిందే."

కట్లాయన లేచి వచ్చేశాడు.

బొప్పాయి కట్టు అతను కనిపెట్టింది కాదు. అంతకుముందున్న పెద్ద డాక్టరు మొదలుపెట్టాడు. ఖరీదైన లేపనాలు నెలల తరబడి రాని రోజుల్లో, ఎక్కడో చదివి, నీళ్ల ట్యాంకు పక్కన నాలుగు బొప్పాయి మొక్కలు నాటించాడు. ఆయన వెళ్లిపోయాక మొక్కలూ కట్టూ రెండూ కట్లాయన చేతికి వచ్చాయి. మొక్క ముసలిదైతే కొట్టేసి ఇంకోటి నాటేవాడు. కాయ కాయని పోతు మొక్క అని తేలితే, పూత చూసి ఒకసారి తిట్టి, పీకేసేవాడు.

రోజూ ఏడు గంటలకి అతని పని ఒక కాయతో మొదలయ్యేది. పసుపు చార ఒక్కటి కూడా లేని పచ్చికాయ. గోరుతో గీస్తే తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా ఉబికి రావాలి. కడిగి, చెక్కు తీసి, తురుము పలకని నీళ్లలో మరిగించి దాని మీద తురిమి, ఆ తురుముని గాజుగుడ్డ మీద వేలెడు మందాన పరిచేవాడు. ఆ పాలకి చచ్చిన మాంసాన్ని కరిగించే గుణం ఉంది. కత్తితో గీకితే బతికున్న దాన్ని కూడా గీకేస్తాం, ఇది మాత్రం చచ్చినదాన్నే వెతుక్కుంటుందని పెద్ద డాక్టరు చెప్పేవాడు. కట్లాయన వేళ్ల చివర్లు ఏళ్ల తరబడి ఆ పాలు తగిలి గీతలు అరిగిపోయి నున్నగా తయారయ్యాయి.

రెండో గుణం సంగతి ల్యాబమ్మ చూపించింది. ఆసుపత్రిలో చీము పరీక్షలన్నీ ఆవిడే చేస్తుంది. ఒకరోజు కుతూహలం పుట్టి, పుండ్లలోని క్రిముల్ని రెండు గాజు పళ్లాల్లో పెంచి, ఒకదాని మధ్యలో పచ్చికాయ ముక్క, రెండోదాని మధ్యలో పండు ముక్క పెట్టింది. మర్నాడు కట్లాయనని కేకేసింది.

"ఇటు రా, ఓ వింత చూపిస్తాను. ఇదిగో పచ్చికాయ. దీని చుట్టూ ఉంగరంలా ఖాళీ కనబడుతోందా? ఒక్కటీ దగ్గరికి రాలేదు, గిట్టలేదు వాటికి."

"మరి ఆ పండు?"

"పండు దగ్గరా? విందుకి పిలిచినట్టు ముక్కని ఆనుకుని కూర్చున్నాయి చూడు," అని నవ్వింది.

కట్లాయన కూడా నవ్వాడు. చాలాసేపు రెండు పళ్లాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. కట్ల గదిలోకి పండు ఎప్పుడూ రాదు, వచ్చేది పచ్చికాయే.

దర్జీ రెండు నెలల క్రితం వచ్చాడు. కుట్టు మిషను వట్టి కాళ్లతో తొక్కడం అతని అలవాటు. షుగరు వల్ల అరికాలికి స్పర్శ పోయి, ఇనప తొక్కుడు పలక అంచు ఎప్పుడు కోసుకుందో కూడా తెలియలేదు. పుండు నల్లబడి వాసన వచ్చాక భార్య పట్టుబట్టి తీసుకొచ్చింది.

ఆవిడ గుమ్మంలోనే, "అన్నయ్యా, ఈయన కాలు కాస్త చూడండి," అంది. అంతే, దర్జీ అందుకున్నాడు.

"విన్నారా? అన్నయ్యంది. ఇక మీరు నాకు బావగారు, తప్పించుకోలేరు. బావగారి ఛాతీ ముప్ఫై ఎనిమిది, ఊపిరి బిగబట్టకపోతే నలభై. అవునా కాదా?"

"నలభయ్యే," ఒప్పుకున్నాడు కట్లాయన.

తురుము పరిచిన గాజుగుడ్డని చూసి దర్జీ మెడ ముందుకు సాచాడు. "ఇదేంటి బావా, కట్టు కడతారా, వడ్డిస్తారా? కాస్త ఉప్పూ కారం కూడా చల్లండి, కాలు తృప్తిగా తింటుంది."

"నీ నోటికి కూడా ఒక కట్టు కడితే సరిపోతుంది," అన్నాడు కట్లాయన. దర్జీ భార్య ఆ రోజు నవ్వడం అదే మొదటిసారి.

అయిదో రోజుకి నల్లటి పొర అంచులు లేచాయి. పదో రోజుకి దానంతట అది ఊడొచ్చింది. దాని అడుగున ఎర్రగా, సన్నటి గింజల్లాంటి కొత్త మాంసం. కట్లాయన ల్యాబమ్మని పిలిచి మరీ చూపించాడు. పధ్నాలుగో రోజున తురుము పెట్టగానే దర్జీ కేక పెట్టాడు. అంతవరకూ ఆ పాదం మీద ఏం చేసినా తెలియని మనిషి, బల్ల అంచు పట్టుకుని గిలగిల్లాడాడు.

కట్లాయన ముఖం వెలిగిపోయింది. "నొప్పి తెలుస్తోందా? చాలా మంచిది. కాలు బతుకుతోందన్నమాట!"

"కాలు బతకడానికి నేను చావాలా బావా?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. దర్జీ భార్య మాత్రం నవ్వలేదు. భర్త చెమటని రుమాలుతో తుడుస్తూ, ఆ గాజుగుడ్డ వంకే చూస్తూ ఉండిపోయింది. కట్లాయన అది చూశాడు. కానీ చూసినదంతా అప్పుడే పట్టించుకుంటే మనిషికి పని సాగదు.

వాళ్ల ఇల్లు రెండు బస్సుల దూరం. వచ్చి వెళ్లే కుదుపుకి పుండు చెమ్మగిల్లుతోందని, ఇంటి దగ్గర కట్టు కట్టడం ఆవిడకి నేర్పించాడు. కాజాలు కుట్టే చేతులు కావడంతో రెండోసారికే ఆవిడ కట్టు తన కట్టులాగే ఉంది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడగడం, అంచులకి వాజలీను రాయడం, తురుము మందం, ఎంతసేపు ఉంచాలి, అన్నీ చెప్పాడు. మూడుసార్లు చేయించి చూశాడు. సంచిలో నాలుగు కాయలు, ఒక తురుము పలక పెట్టి, "పచ్చికాయే వాడాలమ్మా, మర్చిపోకు," అన్నాడు. ఆవిడ తల ఊపింది.

పన్నెండు రోజుల తర్వాత అద్దె కారులో దర్జీని తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. వాపు పిక్క దాకా పాకింది. మర్నాడే కాలు తీయాల్సొచ్చింది.

గురువారం నాడు కట్లాయన వాళ్ల ఇంటికి వెళ్లాడు. భర్త బట్టలు తీసుకెళ్లడానికి ఆవిడ ఇంటికి వెళ్లిందని వార్డులో చెప్పారు. తురుము పలక తెచ్చుకునే వంకతో బయల్దేరాడు గానీ, నిజానికి కాగితం మీద రాయడానికి అతని దగ్గర ఏమీ లేదు.

ముందుగదే కొట్టు. కొక్కేలకి సగం కుట్టిన బట్టలు, వాటికి గుండుసూదులతో గుచ్చిన కొలతల చీటీలు. ఆవిడ స్టూలు తెచ్చి వేసి, నీళ్లిచ్చింది. కిటికీ గట్టు మీద అతనిచ్చిన నాలుగు కాయల్లో మూడు వరసగా ఉన్నాయి. పసుపు తిరిగి, ముడతలు పడి, ఒకటి ఒకవైపు కుళ్లి. పక్కనే తురుము పలక దుమ్ము పట్టి ఉంది.

"ఇవి వాడలేదామ్మా?" అంటూ ఒక కాయ చేతిలోకి తీసుకున్నాడు.

"రెండు రోజులు చేశానన్నయ్యా, మీరు చెప్పినట్టే. మొదటిరోజు చెయ్యి కొరుక్కున్నారు. రెండోరోజు..." ఆవిడ ఆగింది. "మీ దగ్గర జోకులేస్తారు గానీ, ఇంట్లో చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు. నాకు చేతులు రాలేదన్నయ్యా."

"మరి ఏం పెట్టావు?"

"బొప్పాయే పెట్టాను. మానలేదు. కాకపోతే పండింది. బజారంతా తిరిగి, బాగా మాగినవి చూసి తెచ్చాను. మెత్తగా చిదిపి, పల్చటి గుడ్డలో వడగట్టి, గింజ తగలకుండా రాశాను. చల్లగా ఉందన్నారు. ఆ రాత్రి నుంచి హాయిగా నిద్రపోయారు." ఆవిడ ముఖంలో అలసట కింద చిన్న గర్వం లాంటిది కదిలింది. "పచ్చిది పండితే ఇంకా బలమే కదా అనుకున్నాను."

కట్లాయనకి ల్యాబమ్మ చూపించిన రెండు గాజు పళ్లాలు కళ్ల ముందు కనిపించాయి. పాలు ఇంకిపోయి, తీపి నిండిన పండు గుజ్జు. పచ్చి మాంసం మీద, షుగరు మనిషి కాలి మీద, పది రోజులు.

"ఇంత చేసినా ఎందుకిలా అయిందన్నయ్యా?" ఆవిడ నేల మీద కూర్చుని అతని ముఖంలోకి చూసింది. "కట్టడంలో ఏమైనా పొరపాటు చేశానా? నిజం చెప్పండి."

"కట్టడంలో పొరపాటేం లేదమ్మా," అన్నాడు. ఆ ముక్క నిజమే. అంతవరకే నిజం. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, తురుము పలక తీసుకోకుండానే బయటికొచ్చేశాడు.

ఆ రోజూ మర్నాడూ అతను రాసింది రెండు వాక్యాలు దాటలేదు. ఉన్నదున్నట్టు రాస్తే బొప్పాయి కట్టు నిలుస్తుంది, అవ్వ వీపు మానుతుంది. కానీ ఆసుపత్రి కాగితం దాచుకునేది కాదు. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు నోరు జారతారు. మొగుడి కాలు తన చేతులతోనే పోయిందని ఆ మనిషికి తెలిస్తే? రాయకపోతే కట్టు పోతుంది, ఆవిడ నిద్ర మిగులుతుంది. భార్య ఉన్నన్నాళ్లూ ఇలాంటి చిక్కులన్నీ అతను అన్నం ముందు కూర్చుని ఆమెకే చెప్పేవాడు. ఆమె సలహా ఏమీ ఇచ్చేది కాదు, "తినండి ముందు" అనేది. ఎందుకో అదే సరిపోయేది.

శనివారం కాగితం పట్టుకెళ్లాడు. డాక్టరమ్మ పైకే చదివింది.

"'ఇంటి దగ్గర పచ్చికాయ బదులు పండు వాడారు. పచ్చికాయే వాడమని చెప్పి పంపాను. ఎందుకో చెప్పలేదు. మండటం మంచి గుర్తని రోగికి చెప్పాను గానీ, కట్టు కట్టే మనిషికి విడిగా కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ తప్పు నాది.'" కాగితం బల్ల మీద పెట్టింది. "అంతా నీ నెత్తిన వేసుకున్నావే."

"ఉన్నదే రాశానమ్మా."

"ఆ షుగరుకి, నువ్వు రోజూ వెళ్లి కట్టినా చెడేదేమో. అదీ ఉంది. మనకి ఎప్పటికీ తెలియదు."

ఆ మాట అతనికి కాస్త ఊపిరినిచ్చింది. అది కూడా డాక్టరమ్మ దయే తప్ప తీర్పు కాదని తెలిసినా, తీసుకున్నాడు.

"ఆవిడకి చెప్పాలా అమ్మా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నేను చెప్పను. చెప్పమని నిన్నూ అనను. కట్టు కొనసాగించు. కానీ ఒకటి. ఇక మీదట కారణం చెప్పకుండా ఒక్క కాయ కూడా ఈ గేటు దాటకూడదు. ఎవరడిగినా, ఎన్నిసార్లడిగినా చెప్పాలి."

"సరేనమ్మా."

మూడు వారాలు గడిచాయి. దర్జీని ఇంటికి పంపేశారు. రెండు రోజులకోసారి కోసిన కాలి మోడుకి కట్టు మార్పించుకోవడానికి చంక కర్రలతో వస్తున్నాడు. కట్టు విప్పే సమయానికి భార్య వరండాలోకి వెళ్లిపోతుంది. చూసి తట్టుకోలేదు. అతను అరిస్తే గోడకి ఆనుకుని చెవులు మూసుకుంటుందని ల్యాబమ్మ చెప్పింది. కట్లాయన ఆవిడతో మాట్లాడేది ఎంతో తక్కువ. బస్సులో సీటు దొరికిందా, తిన్నారా, అంతే.

ఒక బుధవారం ఇద్దరూ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. అదే సమయానికి ఆరో మంచం అవ్వని ఇంటికి పంపుతున్నారు. బయట బండి ఆగి ఉంది. అవ్వ కూతురు సంచి పట్టుకుని కట్ల గదిలోకి వచ్చింది, కాయల కోసం. నిండుగా, గలగలా మాట్లాడే మనిషి.

కట్లాయన ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పసాగాడు. కడగడం, మందం, సమయం. పచ్చికాయే వాడాలన్నాడు. కారణం దాకా వచ్చేసరికి మాట తడబడింది. బల్ల నాలుగు అడుగుల దూరంలో ఉంది. 'బండి దాకా వెళ్లి చెబుతాను,' అనుకున్నాడు.

అంతలో ఆ కూతురు గట్టిగానే అడిగేసింది. "అయితే ఒకటి చెప్పు బాబాయ్. మరీ మండి గోల చేస్తే, ఒకటి రెండు రోజులు పండింది పెట్టొచ్చా? మెత్తగా ఉంటుంది కదా. ముసలి ప్రాణం, ఏడిస్తే నేను చూడలేను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. దర్జీ భార్య తలెత్తింది.

కట్లాయన ముందు కిటికీలోంచి నీళ్ల ట్యాంకు వైపు చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. ఆ ఒక్క క్షణంలో తను ఏం చెప్పబోతున్నాడో అతనికి తెలిసిపోయింది. చెప్పకపోతే ఈమె ఏం చేయబోతోందో కూడా తెలుసు.

"పెట్టకూడదమ్మా," అన్నాడు మామూలు గొంతుతో. "చచ్చిన కండని తీసేసేది పాలు. పండితే ఆ పాలు ఉండవు. పచ్చికాయ దగ్గరికి క్రిములు రావు, పండులో తీపికి వస్తాయి. మండుతుంది. మండనీ. మండిందంటే కండ బతికిందని గుర్తు. ఆవిడ ఏడిస్తే పక్కన కూర్చుని నువ్వూ ఏడువు. అంతేగానీ పండు మాత్రం పెట్టకు. తట్టుకోలేకపోతే కట్టు విప్పేసి ఇక్కడికి తీసుకురా. వేరే దారి చూస్తాం."

"అమ్మో, ఇంతుందా దీని వెనక? అడిగాను కాబట్టి సరిపోయింది!" అని ఆమె కాయలు సంచిలో వేసుకుని, అతనికి దండం పెట్టి వెళ్లిపోయింది.

కట్లాయన చేతులు కడుక్కోవడానికి పంపు తిప్పాడు. అవసరమైన దానికంటే ఎక్కువసేపు కడుక్కున్నాడు.

"అన్నయ్యా."

అతను తిరగలేదు.

"నేనే కదా?"

తిరిగాడు. ఆవిడ ఏడవడం లేదు. రెండు చేతులూ ఒళ్లో బోర్లించి పెట్టుకుని, వాటినే చూసుకుంటోంది.

"నేను నీకు చెప్పలేదమ్మా. ఈ మాటలన్నీ ఆ రోజే చెప్పాల్సింది."

"చెప్పినా..." ఆవిడ కాసేపు ఆలోచించింది, అబద్ధం ఆడకూడదన్నట్టు. "చెప్పినా పెట్టగలిగేదాన్నో లేదో. ఆయన అలా ఏడుస్తుంటే."

దర్జీ అంతసేపూ చంక కర్ర చివరన ఉన్న రబ్బరు తొడుగుని వేలితో తిప్పుతున్నాడు.

"నాకు తెలుసే," అన్నాడు చివరికి. "మూడోరోజే తెలుసు. మంట లేదంటే మందు లేదని. అప్పటికే వాసన కూడా మారింది. నేనే నోరు మూసుకున్నాను. నిద్ర పడుతోంది కదా అని." భార్య వైపు చూడకుండా, ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. "కాలు నాది. నేను అడగొచ్చుగా బావని."

ఆవిడ చెయ్యి లాక్కోలేదు. అలాగని పట్టుకోనూ లేదు. అలా ఉంచింది.

కొంతసేపటికి కట్లాయన ట్రే తీసుకొచ్చాడు. మోడుకి లోపలి గాజుగుడ్డ అంటుకుపోయింది. ఉప్పునీళ్లతో తడిపినా ఒక పక్క వదలడం లేదు. అడుగున చీము గూడు కట్టింది. దాన్ని నొక్కి తీయక తప్పదు.

"చెల్లెమ్మా, కాసేపు బయట ఉండు."

ఆవిడ లేచింది. తలుపు వైపు రెండడుగులు వేసింది. ఆగి, వెనక్కొచ్చి, భర్త వెనక నిలబడి రెండు భుజాలూ పట్టుకుంది.

కట్లాయన గాజుగుడ్డ కొస పట్టుకుని లాగాడు. దర్జీ ఒళ్లు బిగిసింది. బొటనవేలు పెట్టి నొక్కగానే గది అదిరేలా అరిచాడు. "ఆపమనవే! కాసేపు ఆపమను!"

కట్లాయన చెయ్యి ఆగింది. తలెత్తి ఆవిడ వంక చూశాడు.

ఇప్పుడు ఆవిడ ఏడుస్తోంది. కన్నీళ్లు భర్త జుట్టులో పడుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, భుజాలు వదల్లేదు.

"కానివ్వండన్నయ్యా," అంది.